లినక్స్ తెరపై చిహ్నముల అమరిక

తెరను బల్లగా భావించి పత్రములను చిహ్నరూపమున దానిపై అమర్చు పద్ధతి 1981లో జిరాక్స్ స్టార్ యంత్రముతో విపణికి వచ్చినది. లినక్స్ వాడుకరులకును అట్టి సమగ్రమైన డెస్క్‌టాప్ సమకూర్పవలెనను సంకల్పముతో, జర్మనీయందలి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ 1996 అక్టోబరులో కేడీఈకి అంకురార్పణ గావింపగా, మరుసటి సంవత్సరముననే మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్‌ను ఆరంభించిరి.

2008 జనవరిలో వెలువడిన కేడీఈ 4.0, గడియారమును ఐకానును ఒకే జాతి విడ్జెట్లుగా మార్చి, వానిని త్రిప్పుటకును, పెంచుటకును, కోరినచోట నిలుపుటకును వీలు కల్పించినది. 2011 ఏప్రిలునాటి గ్నోమ్ 3 తద్విరుద్ధముగా తెరపై ఐకాన్లనే పరిహరించినది. పాతవాడుకకు అలవడినవారు ఈ మార్పులకు నొచ్చుకొనిరి. అయినను మూలసంకేతము సర్వులకు లభ్యమగుటచేత, గ్నోమ్ 2 రూపమును కాపాడుటకు మేట్ అను డెస్క్‌టాప్ అవతరించినది. తన తెర తీరును నిర్ణయించుకొను అధికారము వాడుకరిదేయని ఈ చరిత్ర నిరూపించినది.