రక్త పరీక్షతో అల్జీమర్స్ తెలిసిపోతుందా? పీ-టౌ 217 ఏం చెబుతుంది.. ఏం చెప్పలేదు?

స్టవ్ ఆపడం మర్చిపోతున్నారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఏళ్లుగా వెళ్తున్న గుడి నుంచి ఇంటికి దారి తప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు ఇలా చేస్తుంటే చాలామంది అనే మాట ఒక్కటే.. "వయసైపోయింది కదా, చాదస్తం". ఆ చాదస్తం వెనుక మెదడు జబ్బు ఉందా లేదా అన్నది ఇప్పుడు కొద్దిపాటి రక్తంతో అంచనా వేసే పరీక్షలు వచ్చేశాయి. 2025 మే 16న అమెరికా ఎఫ్‌డీఏ అలాంటి తొలి రక్త పరీక్షకు అనుమతి ఇచ్చింది. ఇంతకీ ఈ పరీక్ష దేన్ని కొలుస్తుంది? రిపోర్టులో పాజిటివ్ వస్తే అల్జీమర్స్ ఉన్నట్టేనా? ఏ ఇబ్బందీ లేనివాళ్లు కూడా ముందు జాగ్రత్తగా చేయించుకోవచ్చా? పూర్తి వివరాలు చూద్దాం.

డిమెన్షియా వేరు.. అల్జీమర్స్ వేరు

ఈ రెండు మాటలనూ చాలామంది ఒకే అర్థంలో వాడేస్తుంటారు. నిజానికి డిమెన్షియా అంటే ఒక పరిస్థితి. జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, నిర్ణయం తీసుకునే శక్తి తగ్గిపోయి రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితి. దానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది అల్జీమర్స్. జ్వరం ఒక లక్షణం, దాని వెనుక మలేరియా ఉండొచ్చు, టైఫాయిడ్ ఉండొచ్చు. ఇదీ అలాంటిదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో సుమారు 5.7 కోట్ల మంది డిమెన్షియాతో ఉన్నారు. అందులో 60 నుంచి 70 శాతం కేసులకు అల్జీమర్సే కారణం కావొచ్చని అంచనా. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే వాస్క్యులర్ డిమెన్షియా, లూయీ బాడీ డిమెన్షియా, ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా మిగతావాటిలో ప్రధానమైనవి. చాలామందిలో ఒకటి కాదు, రెండు మూడు కలిసే ఉంటాయి.

మన దేశం సంగతికి వస్తే, 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో, పట్టణాల కంటే పల్లెల్లో ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది.

జబ్బు ఎప్పుడు మొదలవుతుంది?

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో ఆగస్ట్ డేటర్ అనే 51 ఏళ్ల మహిళను డాక్టర్ అలోయిస్ అల్జీమర్ పరీక్షించారు. మతిమరుపు, అనుమానాలు, అయోమయం ఆమె లక్షణాలు. 1906లో ఆమె చనిపోయాక మెదడును మైక్రోస్కోపు కింద చూస్తే రెండు రకాల మార్పులు కనిపించాయి. నరాల కణాల మధ్య గడ్డకట్టిన పదార్థం ఒకటి, కణాల లోపల చిక్కుపడ్డ దారాల్లాంటివి రెండోది. మొదటిది అమిలాయిడ్ అనే ప్రొటీన్ అని, రెండోది టౌ అనే ప్రొటీన్ అని చాలా కాలం తర్వాత తేలింది. అప్పట్లో ఆ జబ్బు గుట్టు తెలియాలంటే మనిషి చనిపోవాల్సిందే.

అసలు చిక్కు ఏంటంటే, ఈ మార్పులు మతిమరుపుతో పాటే మొదలుకావు. అమిలాయిడ్ పేరుకోవడం లక్షణాలు బయటపడటానికి 15 నుంచి 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. అంటే 70 ఏళ్లకు మతిమరుపుతో ఆస్పత్రికి వచ్చిన మనిషిలో జబ్బు 50ల్లోనే మొదలై ఉండొచ్చు. బతికున్న మనిషి మెదడులో ఆ మార్పులను పసిగట్టడమే శాస్త్రవేత్తల ముందున్న సవాలు. అలా శరీరంలో జబ్బు జాడ చెప్పే కొలతలనే బయోమార్కర్లు అంటారు.

స్కాన్ నుంచి సూది దాకా.. సూది నుంచి రక్తం దాకా

ఇప్పటిదాకా అమిలాయిడ్ జాడ తెలుసుకోవడానికి రెండు దారులే ఉండేవి. ఒకటి అమిలాయిడ్ పెట్ స్కాన్. కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కించి తీసే ఈ స్కాన్ ఖరీదైనది, పెద్ద నగరాల్లో కూడా అన్నిచోట్లా దొరకదు. రెండోది నడుము దగ్గర వెన్నులోకి సూది దించి, మెదడు వెన్నుపాము చుట్టూ ఉండే నీటిని తీసి పరీక్షించడం. ఇది అనుభవం ఉన్న డాక్టర్లే చేయాలి. చాలామంది పేషెంట్లు వెన్నులో సూది అనగానే వెనకడుగు వేస్తారు.

రక్తంలో ఎందుకు చూడలేకపోయారు? మెదడు నుంచి రక్తంలోకి వచ్చే ఈ ప్రొటీన్లు అతి తక్కువ. ఒక గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోగ్రాము. మిల్లీలీటర్ రక్తంలో ఒకటి, రెండు పికోగ్రాములో, అంతకంటే తక్కువో ఉండే పదార్థాన్ని కొలవాలి. గత పదిహేనేళ్లలో వచ్చిన అతి సున్నితమైన యంత్రాలతోనే ఇది సాధ్యమైంది.

టౌ ప్రొటీన్‌లో 217వ స్థానంలో ఫాస్ఫేట్ అతుక్కున్న రూపమే పీ-టౌ 217. మెదడులో అమిలాయిడ్ పేరుకున్న కొద్దీ రక్తంలో దీని స్థాయి పెరుగుతుంది. అందుకే రక్త మార్కర్లలో ఇప్పుడు దీనికే ఎక్కువ ప్రాధాన్యం.

ఎంత కచ్చితంగా చెబుతుంది?

ఎఫ్‌డీఏ అనుమతించిన ఫుజిరేబియో సంస్థ లూమిపల్స్ పరీక్ష రక్తంలోని పీ-టౌ 217ను, అమిలాయిడ్ 1-42ను కొలిచి రెండింటి నిష్పత్తి చెబుతుంది. 499 మంది నమూనాలను పరిశీలించారు. పాజిటివ్ వచ్చినవారిలో 91.7 శాతం మందికి పెట్ స్కాన్ లేదా వెన్ను నీటి పరీక్షలోనూ అమిలాయిడ్ ఉన్నట్టు తేలింది. నెగెటివ్ వచ్చినవారిలో 97.3 శాతం మందికి అక్కడా నెగెటివే. 20 శాతం కంటే తక్కువ మందికి మాత్రం ఎటూ తేలని ఫలితం వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో రోష్ సంస్థ పీ-టౌ 181 పరీక్షకూ అనుమతి వచ్చింది. అది ముఖ్యంగా ఫ్యామిలీ డాక్టర్ స్థాయిలో "ఇది అల్జీమర్స్ కాకపోవచ్చు" అని పక్కన పెట్టడానికి పనికొస్తుంది.

అంతకుముందు 2024లో స్వీడన్‌లో 1,213 మందిపై చేసిన అధ్యయనం అందరి దృష్టినీ ఆకర్షించింది. మామూలు పద్ధతుల్లో ఫ్యామిలీ డాక్టర్లు అల్జీమర్స్‌ను సరిగ్గా గుర్తించింది 61 శాతం కేసుల్లో. స్పెషలిస్టులు 73 శాతం. రక్త పరీక్ష మాత్రం దాదాపు 91 శాతం సరిగ్గా చెప్పింది. అనుభవం ఉన్న డాక్టర్లు కూడా నలుగురిలో ఒకరి విషయంలో పొరబడుతున్నారంటే ఈ పరీక్ష అవసరం ఎంతో అర్థమవుతుంది.

మరి అందరూ చేయించుకుంటే పోలా?

వద్దు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం. 100కి 90 సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఉందనుకుందాం.

మతిమరుపుతో ఆస్పత్రికి వచ్చిన 1,000 మందిని తీసుకుందాం. వారిలో 600 మందికి నిజంగా జబ్బు జాడ ఉందనుకుంటే, పరీక్ష 540 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 400 మందిలో 40 మందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. అంటే మొత్తం 580 పాజిటివ్‌లలో 540 నిజమైనవి. 100కి 93 కరెక్ట్.

ఇప్పుడు ఏ లక్షణమూ లేని 1,000 మందిని తీసుకుందాం. వారిలో 100 మందికే ఆ జాడ ఉందనుకుంటే, పరీక్ష 90 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 900 మందిలో 90 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. అంటే 180 పాజిటివ్‌లలో సగం తప్పే. అదే పరీక్ష, అదే యంత్రం. మారింది పరీక్ష చేయించుకున్న మనుషులే.

పైగా పాజిటివ్ నిజమైనా, అది చెప్పేది మెదడులో అమిలాయిడ్ ఉందని మాత్రమే. మెదడులో అమిలాయిడ్ ఉండి కూడా చివరిదాకా మతిమరుపు రాని పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే ఎఫ్‌డీఏ తొలి పరీక్షను 55 ఏళ్లు దాటి, లక్షణాలు ఉన్నవారికే పరిమితం చేసింది. అదీ డాక్టర్ పరీక్ష, మిగతా రిపోర్టులతో కలిపి చూడాలని స్పష్టం చేసింది. ల్యాబ్ ప్యాకేజీలో కలిపి ఊరికే చేయించుకునే పరీక్ష కాదిది.

ఇంకో ముఖ్యమైన విషయం కిడ్నీలు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవారిలో, మెదడులో పెద్దగా మార్పు లేకపోయినా, రక్తంలో పీ-టౌ ఎక్కువగా కనిపించవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల పేషెంట్ల విషయంలో ఇది మర్చిపోకూడని సంగతి. ఊబకాయం ఉన్నవారిలో దీనికి రివర్స్‌లో స్థాయి తక్కువగా కనిపించే అవకాశం ఉంది.

ముందు చేయించాల్సినవి ఇవీ

మతిమరుపుకు కారణమయ్యే కొన్ని సమస్యలకు మంచి చికిత్స ఉంది. వాటిని వదిలేసి నేరుగా అల్జీమర్స్ పరీక్షకు వెళ్తే అసలు నష్టం అక్కడే.

విటమిన్ బీ12 లోపం: శాకాహారుల్లో, షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఎక్కువ. మామూలు రక్త పరీక్షతో తెలుస్తుంది.

థైరాయిడ్: హార్మోన్ తగ్గితే మందకొడితనం, మతిమరుపు వస్తాయి.

డిప్రెషన్: భర్తనో, భార్యనో పోగొట్టుకున్న పెద్దవాళ్లలో దిగులు కూడా మతిమరుపులాగే కనిపిస్తుంది.

తలలో రక్తం గడ్డ: బాత్రూమ్‌లో జారిపడి తలకు చిన్న దెబ్బే కదా అని వదిలేస్తే, కొన్ని వారాల తర్వాత అయోమయం మొదలుకావచ్చు. స్కాన్‌లో తెలిసిపోతుంది.

మెదడులో నీరు చేరడం: నడక తడబడటం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు.. ఈ మూడూ కలిసి ఉంటే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు.

మందులు: కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు కూడా పెద్దవాళ్లను అయోమయంలో పడేస్తాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లడం మేలు.

నెలలు, ఏళ్లు కాకుండా గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో అకస్మాత్తుగా మనుషులను గుర్తుపట్టకపోవడం, మాట తడబడటం జరిగితే మాత్రం ఆగొద్దు. అది పక్షవాతమో, ఇన్ఫెక్షనో కావొచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

హైదరాబాద్ నిమ్స్ చెప్పిన పాఠం

డాక్టర్లు జ్ఞాపకశక్తిని ప్రశ్నలతో, బొమ్మలతో పరీక్షిస్తారు. ఇలాంటి పరీక్షలు చాలావరకు ఇంగ్లీషులో, చదువుకున్నవారి కోసం తయారైనవి. ఎప్పుడూ పెన్ను పట్టని అవ్వను గడియారం బొమ్మ గీయమంటే జబ్బు లేకున్నా తప్పుతుంది. అందుకే వాటిని తెలుగులోకి, మన జీవితానికి తగ్గట్టు మార్చే పని హైదరాబాద్ నిమ్స్‌లో జరిగింది.

అదే నిమ్స్‌లో న్యూరాలజిస్ట్ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఒకే భాష మాట్లాడేవారితో పోలిస్తే రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. బడికి వెళ్లనివారిలోనూ ఈ తేడా కనిపించింది. బజార్లో ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడే హైదరాబాదీకి ఇది కొత్త కబురే. మెదడులో మార్పు ఒక్కటే కథ మొత్తం కాదని, దాన్ని తట్టుకునే శక్తి కూడా మనిషి మనిషికీ వేరని ఇలాంటి అధ్యయనాలు సూచిస్తున్నాయి.

జబ్బు తేలితే మందు ఉందా?

పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023 జూలైలో, డోనానెమాబ్‌కు 2024 జూలైలో అమెరికాలో అనుమతి వచ్చింది. 1,795 మందిపై జరిగిన ట్రయల్‌లో లెకానెమాబ్ 18 నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. పోయిన జ్ఞాపకాలను ఇది తిరిగి తేలేదు. జబ్బు తొలి దశలో ఉన్నవారికే ఇస్తారు. మెదడులో వాపు, రక్తస్రావం లాంటి ప్రమాదాలు ఉండటంతో మధ్య మధ్యలో ఎంఆర్ఐ తప్పనిసరి. మందు తొలి దశలోనే పనిచేస్తుంది కాబట్టే, జబ్బును తొందరగా గుర్తించడానికి ఇంత విలువ వచ్చింది.

ముప్పు తగ్గించుకునే దారులు మాత్రం అందరికీ ఉన్నాయి. 14 కారణాలను అదుపు చేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను నివారించొచ్చు, లేదా వాయిదా వేయొచ్చని 2024 లాన్సెట్ కమిషన్ తెలిపింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, మద్యం, వ్యాయామం లేకపోవడం, వినికిడి, చూపు తగ్గడం, ఒంటరితనం, వాయు కాలుష్యం వాటిలో ఉన్నాయి. నాన్నకు వినికిడి యంత్రం పెట్టించడం, అమ్మకు శుక్లాల ఆపరేషన్ చేయించడం కూడా మెదడును కాపాడే పనులే.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం మామూలే. కళ్లజోడు ఎందుకు వాడతారో తెలియకపోతే అది మామూలు కాదు. డబ్బు లెక్కలు తప్పడం, తెలిసిన వంట కుదరకపోవడం, తెలిసిన దారి తప్పడం, స్వభావం మారిపోవడం కనిపిస్తే ఎప్పటి నుంచి, ఏయే మార్పులు వచ్చాయో తేదీలతో రాసుకోండి. న్యూరాలజిస్ట్‌కు ఆ కాగితం ఏ స్కాన్‌కూ తీసిపోదు. వృద్ధుల సహాయానికి జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉచితంగా అందుబాటులో ఉంది.

రక్త పరీక్ష ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆ ప్రశ్న ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నది డాక్టర్ తేల్చాలి. ఆ డాక్టర్ దాకా పెద్దవాళ్లను తీసుకెళ్లాలంటే, ముందు ఇంట్లోవాళ్లు "చాదస్తం" అని కొట్టిపారేయడం మానాలి.