తీవ్ర గాయం - రోగనిరోధక వ్యవస్థ

రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుండి పడిపోవడం, కాలిన గాయాలు వంటి వాటి వలన శరీరం తీవ్రంగా దెబ్బతిన్నపుడు రోగనిరోధక వ్యవస్థ పనితీరులో పెద్ద మార్పులు వస్తాయి. ఒకవైపు శరీరమంతటా శోథ (వాపు, వేడి, నొప్పితో కూడిన ప్రతిచర్య) వ్యాపిస్తుంది. మరొకవైపు సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. గాయపడినవారికి తొలి గంటలలో రక్తస్రావం, మెదడుకు తగిలిన దెబ్బ ప్రాణాంతకం కాగా, ఆ దశ దాటినవారికి తరువాతి రోజులలో సెప్సిస్, అవయవాల వైఫల్యం ప్రధానమైన ముప్పులు.

శోథ మొదలయ్యే విధానం

సూక్ష్మజీవులు ప్రవేశించకపోయినా గాయం వలన శోథ కలుగుతుంది. చితికిన కణాల నుండి వెలువడే పదార్థాలే రోగనిరోధక వ్యవస్థకు ప్రమాద సంకేతాలని 1994లో పాలీ మాట్జింగర్ ప్రతిపాదించారు. ఇటువంటి పదార్థాలలో మైటోకాండ్రియా డీ.ఎన్.ఏ. ఒకటి. మైటోకాండ్రియాలు పూర్వం బాక్టీరియాల నుండి పరిణమించినవి. అందువలన అవి రక్తంలో కలిసినపుడు న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు వాటిని బాక్టీరియాలుగా భావించి స్పందిస్తాయని 2010లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఈ న్యూట్రోఫిల్‌లు గాయం లేని ఊపిరితిత్తులలో కూడా చేరి హాని చేయగలవు.

నిరోధక శక్తి తగ్గుదల

తీవ్ర గాయం తరువాత రక్తంలో లింఫోసైట్‌ల సంఖ్య తగ్గుతుంది. సూక్ష్మజీవుల భాగాలను టి-కణాలకు చూపించే మోనోసైట్‌ల సామర్థ్యం కూడా క్షీణిస్తుంది. అడ్రినల్ గ్రంథుల నుండి అధికంగా విడుదలయ్యే కార్టిసాల్ ఇందుకు ఒక కారణం. మొదట శోథ, అది తగ్గిన తరువాత నిరోధక శక్తి లోపం వస్తాయని పూర్వం భావించేవారు. 2011లో ప్రచురితమైన జన్యు అధ్యయనం ఈ రెండూ ఒకేసారి మొదలవుతాయని, తెల్ల రక్తకణాలలోని 80 శాతానికి పైగా జన్యువుల పనితీరు మారుతుందని చూపింది. కోలుకోవడం ఆలస్యమైనవారిలో ఈ మార్పులు ఎక్కువ కాలం కొనసాగాయి.

ప్లీహానికి గాయం

కడుపుకు బలమైన దెబ్బ తగిలినపుడు ప్లీహం చీలవచ్చు. ప్లీహం రక్తాన్ని వడపోసి న్యుమోకాకస్ వంటి, గుళిక పొర గల బాక్టీరియాలను తొలగిస్తుంది. ప్లీహం తీసివేసిన శిశువులలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వస్తున్నాయని 1952లో కింగ్, షుమాకర్ అనే వైద్యులు గుర్తించారు. అందువలన ప్రస్తుతం రోగి పరిస్థితి నిలకడగా ఉంటే ప్లీహాన్ని కాపాడడానికే ప్రయత్నిస్తారు.

చికిత్స

రక్తస్రావాన్ని త్వరగా ఆపడం, మట్టిని, చనిపోయిన కణజాలాన్ని తొలగించి గాయాన్ని శుభ్రపరచడం, అవసరమైతే ధనుర్వాతం టీకా ఇవ్వడం ముఖ్యమైనవి. రోగి పరిస్థితి విషమంగా ఉన్నపుడు మొదట ప్రాణరక్షణకు కావలసిన శస్త్రచికిత్స మాత్రమే చేసి, మిగిలినవి తరువాత చేస్తారు. వీలైనంత త్వరగా జీర్ణమార్గం ద్వారా ఆహారం ఇస్తారు. ప్లీహం కోల్పోయినవారికి న్యుమోకాకస్, మెనింజోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా-బి టీకాలు ఇస్తారు. ఈ ముప్పు జీవితాంతం ఉంటుంది కనుక, ఎన్ని సంవత్సరాలు గడచినా వీరికి జ్వరం వస్తే వెంటనే వైద్యుని సంప్రదించి, ప్లీహం లేదన్న విషయం తెలియజేయాలి.