ఫోనో సాకెట్ ఎటు పోయింది?

విజయవాడ గవర్నరుపేటలో రేడియో రిపేరు షాపు నడిపినవాణ్ణి. షాపు మూసేశాను గానీ నాకు ఫోన్లు రావడం ఆగలేదు. రిటైరైన బ్యాంకు మేనేజర్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పిల్లలు, అందరిదీ ఒకటే గోల. "టర్న్‌టేబుల్ కొన్నామండీ, సౌండు బావిలోంచి వచ్చినట్టుంది." ఫోనో ప్రీయాంప్ పెట్టారా అంటే, "అదేంటండీ, మా నాన్నగారి పెట్టెకి అలాంటిదేం లేదే" అంటారు.

నాన్నగారి పెట్టెకి దాని అవసరం పడలేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1902లో గైస్‌బర్గ్ అనే ఇంజనీరు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు కరెంటుతో పనే లేదు. ఆవిడ కొమ్ములాంటి గొట్టంలోకి గట్టిగా పాడితే, ఆ అదురుకే ముల్లు మైనం మీద గీత గీసింది. ఆ రికార్డులు జర్మనీలో హానోవర్‌లో అచ్చయి ఓడలో తిరిగొచ్చేవి. 1908లో సియాల్దాలో, తర్వాత 1928లో డమ్‌డమ్‌లో ఫ్యాక్టరీలు పెట్టాక ఇక్కడే అచ్చు వేశారు. రికార్డుకు కావలసిన లక్క మాత్రం మొదట్నించీ మన సొత్తే, ఛోటానాగపూర్ అడవుల్లోది. వినేవాడు కీ తిప్పి, సౌండ్ బాక్సు దించి కూర్చుంటే చాలు. ఉక్కు ముల్లు మాత్రం వైపుకొకటి మార్చాలి. మార్చడానికి పిసినారితనం చూపినవాళ్ల ప్లేట్లు చూస్తే తెలుస్తుంది, గీతలు బూడిద రంగుకి తిరిగి ఉంటాయి. మద్రాసులో సరస్వతీ స్టోర్స్ లాంటి కంపెనీల కాలం అది. ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలే గనక నాటక పద్యాల రాగాలాపన కూడా ఆ మూడు నిమిషాలకు సరిపడా కుదించుకోవలసిందే.

1925 నుంచి మైకుతో రికార్డింగు మొదలయ్యాక అసలు చిక్కు వచ్చింది. మృదంగంలో తొప్పి వైపు వచ్చే బరువు శబ్దాన్ని ఉన్నదున్నట్టు గీస్తే ముల్లు పక్క గీతలోకి దూసుకుపోతుంది. అందుకని బేస్ తగ్గించి గీయడం మొదలెట్టారు. రానురాను ట్రెబుల్‌ని పెంచి గీయడం కూడా అలవాటైంది. వాయించేటప్పుడు పెంచినదాన్ని తగ్గిస్తే దాంతోపాటు రికార్డు బుసబుస కూడా తగ్గుతుంది, అదీ కిటుకు. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. 1948లో ఎల్‌పీలు వచ్చినా ఈ గందరగోళం పోలేదు. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక లెక్క ఖాయం చేసింది. అదే ఆర్‌ఐఏఏ. వెయ్యి సైకిళ్ల దగ్గర కదలించకుండా (హెర్ట్జ్ అనడం నా నోటికి ఇంకా పట్టలేదు) 20 సైకిళ్ల దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ తగ్గించి, 20 వేల దగ్గర దాదాపు అంతే పెంచి గీస్తారు. అంటే అటు పదో వంతు, ఇటు పది రెట్లు. వాయించేటప్పుడు ఎవరో ఒకరు దీన్ని తిరగేయాలి.

మన ఇళ్లలోకి వచ్చిన హెచ్.ఎమ్.వి. ఫియస్టా లాంటి పెట్టెల్లో ఆ పని చేయడానికి విడిగా ఎవరూ అక్కర్లేదు. వాటి పికప్, అంటే ముల్లు పట్టుకునే కార్ట్రిడ్జి, క్రిస్టలో సిరామిక్కో అయి ఉండేది. ముల్లు ఎంత పక్కకి జరిగితే అంత వోల్టేజీ ఇవ్వడం దాని స్వభావం. ఆ స్వభావం వల్లే ఆర్‌ఐఏఏ లెక్క ఇంచుమించుగా సరిపోతుంది. పైగా అర వోల్టు దాకా ఇస్తుంది. తిన్నగా యాంప్లిఫయర్‌కి కలిపితే పెళ్లి పందిరి మోగిపోతుంది. అయస్కాంతం కార్ట్రిడ్జి అలా కాదు. అది ముల్లు కదిలిన వేగానికి స్పందిస్తుంది, ఇచ్చేది 5 మిల్లీవోల్టులు, అంటే నూరో వంతు. దాన్ని పెంచి, లెక్క తిరగేసే సర్క్యూటు పెద్ద యాంప్లిఫయర్లలోనే ఉండేది. వెనకాల 'ఫోనో' అని రాసిన సాకెట్టు అదే. దానికి డబ్బులు విడిగా ఇస్తున్నామని ఎవరూ అనుకోలేదు.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి, 1982లో సీడీ పుట్టింది. రికార్డు వినేవాడే లేనప్పుడు ఆ సాకెట్టు ఎందుకని కంపెనీలు ఒక్కొక్కటే పీకేశాయి. ఇప్పుడు జనం మళ్లీ రికార్డుల మీద పడ్డారు. నాడు ఊరికే వచ్చిన సర్క్యూటుని చిన్న డబ్బాలో పెట్టి వేలకు అమ్ముతున్నారు. కొనక తప్పదు, కానీ ఆ సర్క్యూటు కొత్తగా కనిపెట్టినదని ఎవరైనా అంటే నమ్మకండి.

నన్నడిగితే, సూట్‌కేసు బొమ్మలా ఉండే చవక ప్లేయర్లు వద్దు. వాటిల్లో చాలావాటికి అదే పాత సిరామిక్ పికప్, ఐదారు గ్రాముల బరువుతో గీతల మీద స్వారీ చేస్తుంది. అయస్కాంతం కార్ట్రిడ్జి, విడిగా మార్చుకోగల ముల్లు, వెనకాల ఫోనో-లైన్ స్విచ్చి ఉన్నది చూసుకోండి. లైన్‌లో పెడితే లోపలి ప్రీయాంప్ పనిచేస్తుంది. అప్పుడు దాన్ని ఫోనో సాకెట్టులో గుచ్చితే రెండుసార్లు పెంచినట్టు, పాట బొంగురుపోతుంది. ఎర్త్ వైరు మర్చిపోతే హమ్ వస్తుంది.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకి ఇంకొక ముచ్చట. అక్కడ పాత సామాన్ల సంతలో కొన్న బెల్టు టర్న్‌టేబుల్ ఇక్కడికి తెచ్చి, 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అంతా సరిచేశామనుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది గానీ సైకిళ్లు మార్చదు. అక్కడ 60, మనకి 50. కరెంటు సైకిళ్లకి కట్టుబడి తిరిగే సింక్రనస్ మోటారైతే 33⅓ తిరగాల్సిన ప్లాటర్ 28 కూడా తిరగదు. ఘంటసాల మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతారు. 50 సైకిళ్ల పుల్లీ దొరికితే వేయించండి. లేదంటే 1979 నాటి టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 లాంటి క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ చూసుకోండి. వేగం దాని సొంతం, కరెంటు సైకిళ్లతో సంబంధం లేదు.

తాతగారి పద్యాల ప్లేట్లు వినాలంటే మాత్రం ఇవేవీ చాలవు. ఆ గీత ఎల్‌పీ గీతకి మూడింతలు వెడల్పు. 78 వేగం, వేరే లావుపాటి ముల్లు కావాలి. 1954కి ముందు గీసినవైతే ఆర్‌ఐఏఏ లెక్క కూడా సరిపడదు, బేస్-ట్రెబుల్ నాబ్‌లు చేత్తోనే తిప్పుకోవాలి.