దావోస్ చలి, ఎగ్జిమా దురద

స్విట్జర్లాండ్‌లోని దావోస్ అనగానే ఇవాళ ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశాలే గుర్తొస్తాయి గానీ, ఒకప్పుడు ఆ ఊరు బతికింది రోగుల మీద. 1848 నాటి జర్మన్ విప్లవం విఫలమయ్యాక దేశం విడిచిన అలెగ్జాండర్ స్పెంగ్లర్ 1853లో అక్కడ వైద్యుడిగా కుదిరాడు. 1,560 మీటర్ల ఎత్తున్న ఆ లోయలో క్షయ దాదాపు కనబడకపోవడం ఆయన్ని ఆలోచింపజేసింది. 1865 ఫిబ్రవరిలో, నిండు శీతకాలంలో, ఇద్దరు జర్మన్ రోగులు వచ్చి కోలుకున్నారు. ఆ మీదట శానిటోరియాలు వరసగా వెలిశాయి. మంచు కురుస్తున్నా వరండాలో దుప్పట్లు కప్పుకుని గంటల తరబడి పడుకోవడమే చికిత్స. గాలి మార్పు మీద ఇదే నమ్మకంతో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం కూడా వెలిసింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నాక క్షయ రోగులు క్రమంగా తగ్గి, ఆ పడకల్లోకి ఉబ్బసం, ఎగ్జిమా ఉన్నవాళ్లు చేరారు. చల్లగాలి మేలు చేస్తుందన్న పాత నమ్మకం కూడా వాళ్లకు వారసత్వంగా వచ్చింది. దావోస్‌లో ఎగ్జిమా తగ్గిన మాట నిజం. అయితే అది చలి వల్ల తగ్గలేదు, చలి ఉన్నా తగ్గింది.

ఇందుకు గట్టి సాక్ష్యం దావోస్ రోగులే ఇచ్చారు. 1980లలో ఏడేళ్లపాటు అక్కడి ఎగ్జిమా రోగులు రోజూ రాసిపెట్టిన దురద తీవ్రతను వాతావరణ లెక్కలతో పోల్చి, 2001లో ఫలితాలు ప్రచురించారు. అన్నిటికంటే గట్టి సంబంధం బయటి ఉష్ణోగ్రతతోనే తేలింది: అది పడిపోయేకొద్దీ దురద పెరిగింది. చల్లగాలి తేమను ఎక్కువగా పట్టి ఉంచలేదు. ఆ గాలినే గదిలో వేడిచేస్తే ఇంకా పొడిబారుతుంది. ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మం పైపొర అసలే బలహీనం. లోపలి నీటిని నిలుపుకోలేక పగులుతుంది. అలాగని వేడి మంచిదనీ కాదు. కోస్తా ఎండాకాలపు ఉక్కలో చెమట పట్టి మోచేతి మడతలు మండే పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చలి కీడే అయితే అక్కడ రోగులు ఎందుకు తేరుకున్నారన్న ప్రశ్న న్యాయమైనది. జవాబు వెతికినవాళ్లు డచ్ వైద్యులు. తేమ నేలల్లోని ఇళ్ల గాలిలో ఏదో అలర్జీ పదార్థం ఉందనీ, ఎత్తు ప్రదేశాల్లో అది ఉండదనీ స్టార్మ్ వాన్ లేవెన్ 1920లలో వాదించాడు. 1960లలో లైడెన్‌లో ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా బృందం అది చాలావరకు పరుపుల దుమ్ములో బతికే సూక్ష్మమైన పురుగుదని తేల్చింది. ఆ పురుగు నీళ్లు తాగదు. గాలిలోని తేమే దానికి ఆధారం, కాబట్టి పొడి కొండగాలిలో నిలవలేదు. అంటే చర్మాన్ని ఎండగట్టే పొడిదనమే శత్రువునీ చంపింది. ఆ ఎత్తున పుష్కలంగా దొరికే అతినీలలోహిత కిరణాలు చర్మపు వాపును తగ్గించాయి. పొడిదనం చేసే నష్టాన్ని లేపనాలు పూడ్చాయి.

ఇదంతా విశ్రాంతి, క్రమం తప్పని వైద్యం చేసిన మేలేనని సందేహించేవాళ్లున్నారు. వాళ్ల అభ్యంతరంలో బలముంది. 2018లో వెలువడిన డచ్ పరీక్షలో ఎగ్జిమా పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు దావోస్‌లో, రెండో జట్టుకు నెదర్లాండ్స్‌లోనే ఆరు వారాల చికిత్స ఇచ్చారు. ముగిసిన వెంటనే దావోస్ జట్టు స్పష్టంగా మెరుగ్గా ఉంది, కాబట్టి ఆ చోటు చేసే మేలును కొట్టిపారేయలేం. కానీ ఆరు నెలల తర్వాత చూస్తే రెండు జట్లకూ తేడా లేదు.