గోల్ఫు బిడారులు

నలుగురు మిత్రులు కలసి, వండుకొనడానికీ పడుకొనడానికీ అమరిక గల మోటారు బండిలో బయలుదేరి, దారిలో తగిలిన మైదానాలలో గోల్ఫు ఆడుతూ దేశం చుట్టిరావడం నేడు అమెరికాలో చాలామందికి ఇష్టమైన వినోదం. వేళకు హోటలు చేరవలెనన్న తొందర వారికి ఉండదు. పొద్దు వాలినచోటనే మజిలీ. పూర్వం మనవారు ఉప్పూ పప్పూ బియ్యమూ మూటగట్టుకొని గూడుబండ్లలో తీర్థయాత్రలకు పోయినట్లే ఇదీను. కాని ఈ వినోదం వెనుక కొంత చరిత్ర ఉన్నది. బండినే ఇల్లుగా చేసుకొని గోల్ఫు ఆడినవారిలో కొందరు ఉల్లాసం కోసం ఆ పని చేశారు. కొందరు ఖర్చు తగ్గించుకొనడానికి చేశారు. మరికొందరు ఊరిలో ఏ తలుపూ తమకు తెరువబడకపోవడంచేత విధిలేక చేశారు.

మోటారు ఇల్లు మొదట శ్రీమంతుల ముచ్చట. 1910లో పియర్స్-ఆరో సంస్థవారు న్యూయార్కు ప్రదర్శనలో ఒక కారును చూపించారు. దాని వెనుక ఆసనం మడత విప్పితే పడక అయ్యేది. చేతులు కడుగుకొనే తొట్టి ఉండేది. యజమాని వెనుకనుండి డ్రైవరుతో మాట్లాడడానికి టెలిఫోను కూడా ఉండేది. అటువంటి సౌఖ్యం సామాన్య గృహస్థుకు అందుబాటులోకి రావడానికి మరి అర్ధ శతాబ్దం పట్టినది. 1966లో అయొవా రాష్ట్రంలోని విన్నెబాగో సంస్థ మోటారు ఇళ్ల తయారీ ప్రారంభించిన తరువాతనే అవి విరివిగా రోడ్లమీదికి వచ్చినవి.

గోల్ఫు వృత్తిగా గలవారికి మాత్రం సంచారం అంతకు ముందునుండీ తప్పనిదే. వారి పోటీలు ఒకచోట నిలిచేవి కావు. చలికాలంలో కాలిఫోర్నియా, ఫ్లారిడాలలో, ఎండలు ముదిరేకొద్దీ ఉత్తరాదిన, వారానికొక ఊరు చొప్పున జరిగేవి. ముందు వరుసలో నిలిచిన కొద్దిమందికే బహుమానం. తక్కినవారికి చమురు ఖర్చు కూడా గిట్టేది కాదు. అందుచేత ఆటగాళ్లు జట్లుగా కార్లలో ప్రయాణం చేసేవారు. తరువాత జగత్ప్రసిద్ధులైన బైరన్ నెల్సన్, బెన్ హోగన్‌లు కూడా కష్టకాలంలో భార్యలతో ఇట్లే కలసి తిరిగినవారు. 1938లో ఓక్లండు పోటీ సమయాన హోగన్ ఒక ఉదయం లేచి చూచేసరికి కారు వెనుక చక్రాలను దొంగలు ఊడదీసికొనిపోయి ఉన్నారు. చేతిలో పైకం అడుగంటినది. ఆ పోటీలో గెలుచుకొన్న కొద్దిపాటి సొమ్మే అతనిని ఆటలో నిలిపినది. 1955లో ఆర్నాల్డు పామర్ కొత్తగా పెళ్లాడిన భార్యతో, కారు వెనుక ఒక ట్రెయిలరు ఇంటిని తగిలించుకొని పోటీలకు బయలుదేరినాడు. ఆ ఏడాదే కెనడా ఓపెన్‌లో తొలి విజయం పొందినాడు.

ఇవి దారిద్ర్యం మీద పట్టుదల సాధించిన విజయాలు. వినడానికి ఇంపుగా ఉంటవి. కాని చేతిలో డబ్బున్ననాడు హోగన్‌కు గాని పామర్‌కు గాని ఏ హోటలు తలుపూ మూయబడలేదు. అదే రోడ్లమీద అదే కాలంలో తిరిగిన నల్లజాతి ఆటగాళ్ల స్థితి వేరు. దక్షిణ రాష్ట్రాలలో చట్టమూ, అనేక ఇతర ప్రాంతాలలో ఆచారమూ వారిని హోటళ్లనుండి, భోజనశాలలనుండి వెలివేసినవి. ఎక్కడ ఆగితే అవమానం జరుగదో తెలిసికొనడానికి విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా బంట్రోతు 1936లో ఒక మార్గదర్శిని ప్రకటింప నారంభించినాడు. తమవారిని ఆదరించే బసలు, అన్నశాలలు, పెట్రోలు అంగళ్లు అందులో ఊరి వారీగా ఉండేవి. ఆ పుస్తకంలో పేరులేని ఊరిలో చీకటి పడితే కారే పడకటిల్లు; వెంట తెచ్చుకొన్న పొట్లమే భోజనం.

శ్వేతజాతీయుల పోటీలలో చోటు లేనందున నల్లజాతివారు 1925లోనే సొంత గోల్ఫు సంఘం స్థాపించుకొన్నారు. ఛార్లీ షిఫోర్డు ఆ సంఘపు జాతీయ పోటీని 1952 మొదలు 1956 వరకు వరుసగా అయిదేళ్లు గెలిచినాడు. నాష్విల్‌వాడైన టెడ్ రోడ్స్, లాస్ ఏంజలీసు రైలు స్టేషనులో మూటలు మోసిన బిల్ స్పిల్లర్ అతని సమకాలికులు. 1948 లాస్ ఏంజలీసు పోటీ మొదటినాడు స్పిల్లర్ హోగన్‌తో సమానంగా 68 దెబ్బలతో ఆట ముగించినాడు. ఆ పోటీ ఫలితాన్నిబట్టి అతనికీ రోడ్స్‌కూ తరువాతి రిచ్‌మండు పోటీలో ఆడే అర్హత లభించినది. వారు అక్కడికి వెళ్లి అభ్యాసం చేస్తూ ఉండగా, మీరు వృత్తి క్రీడాకారుల సంఘ సభ్యులు కారు గనుక ఆడరాదని చెప్పారు. సభ్యత్వం తెల్లవారికి మాత్రమే అని ఆ సంఘ నిబంధన. వారు దావా వేశారు. ఇక భేదం చూపమని సంఘం మాట ఇవ్వగా ఉపసంహరించుకొన్నారు. తరువాత పోటీలకు 'ఆహ్వానితులకు' అని పేరు మార్చి, ఆహ్వానం పంపకుండా ఊరకున్నారు. మాట తప్పలేదు, మేలూ చేయలేదు.

1952లో ఫీనిక్స్ పోటీకి షిఫోర్డు, స్పిల్లర్‌లు ముష్టియుద్ధ వీరుడు జో లూయీతో కలసి వెళ్లారు. మొదటి గుంటలో చేయి పెట్టగా అందులో ఎవరో అశుద్ధం నింపి ఉంచారు. దానిని మార్చేవరకు వారు వేచి ఉండి, తరువాత ఆట సాగించారు.

1961 ఏప్రిలులో షిఫోర్డు తన సొంత రాష్ట్రమైన ఉత్తర కరొలీనాలో గ్రీన్స్‌బరో పోటీ ఆడినాడు. హోటలు లేదు, తన జాతివారి చెంత బస. రాత్రి టెలిఫోనులో చంపుతామని బెదిరింపు. మరునాడు గుంపు వెంటబడి కేకలు వేసినది. అయినా నాలుగవ స్థానంలో నిలిచినాడు. ఆ సంవత్సరం నవంబరులో సంఘం ఆ నిబంధనను రద్దు చేసినది. దాని వెనుక స్పిల్లర్ చేయి ఉన్నది. ఆనాటికి అతడు ఒక క్లబ్బులో ఇతరుల గోల్ఫు సంచులు మోస్తున్నాడు. తన గోడును ఒక సభ్యునితో చెప్పుకొనగా, అది కాలిఫోర్నియా అటార్నీ జనరల్ స్టాన్లీ మాస్క్‌ను చేరినది. మాస్క్ ఒత్తిడికి సంఘం తలవంచినది. కాని అప్పటికి స్పిల్లర్‌కు నలుబది ఎనిమిదేళ్లు. పోటీలో రాణించే వయస్సు గడచిపోయినది.

1964 పౌరహక్కుల చట్టంతో హోటళ్ల తలుపులు తెరుచుకొన్నవి. గ్రీన్ మార్గదర్శిని అవసరం తీరి కొలది ఏళ్లలో ఆగిపోయినది. షిఫోర్డు 1967లో హార్ట్‌ఫర్డు పోటీని, 1969లో లాస్ ఏంజలీసు పోటీని గెలిచినాడు. క్లబ్బు ద్వారాలు మాత్రం ఇంకా మెల్లగానే కదిలినవి. 1968లో పెన్సకోలాలో లీ ఎల్డర్ తదితరులను క్లబ్బు భవనంలోకి రానీయక, కార్లు నిలిపే చోట దుస్తులు మార్చుకొమ్మన్నారు. ఆ పెన్సకోలాలోనే ఎల్డర్ 1974లో విజేత అయి, 1975లో అగస్టా మాస్టర్స్ పోటీలో ఆడిన తొలి నల్లజాతీయుడైనాడు. ప్రాణభయంచేత, తానెక్కడ ఉన్నదీ తెలియకుండా, ఆ వారం రెండు ఇళ్లు అద్దెకు తీసికొని మార్చి మార్చి బసచేసినాడు.

అంటరానితనమన్నది ఏమిటో ఎరిగిన మనకు ఈ కథ విచిత్రమని తోచదు. ఊరి వెలుపల నిలబడవలసిన మనిషి ఎంతటి నిపుణుడైనా, అతని నైపుణ్యంలో సగం నిలబడడానికే ఖర్చయిపోతుంది. షిఫోర్డుకు 2014లో అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకం లభించినది. మరుసటి సంవత్సరమే అతడు కీర్తిశేషుడైనాడు. స్పిల్లర్‌కు అటువంటి గౌరవం జీవించి ఉండగా దక్కలేదు. ఇష్టమైనచోట బండి ఆపి, ఇష్టమైన మైదానంలో ఆడి, అలసినప్పుడు కోరిన ఇంట విశ్రమించడం నేటి యాత్రికునికి సహజమైన హక్కుగా తోస్తుంది. ఆ హక్కు కొందరి విషయంలో ఒక్కొక్క ఊరిలో, ఒక్కొక్క పోటీలో, అవమానాన్ని దిగమ్రింగి సంపాదింపబడినదని తెలిసికొంటే, ఆ ప్రయాణపు విలువ తగ్గదు, పెరుగుతుంది.