పెరటి తలుపుకి గెడ ఎప్పుడు పెట్టారు?

మొన్న సంక్రాంతికి చీడికాడ వెళ్ళినప్పటి సంగతి. మా ఇంటి ముందు గదే నాన్న జిరాక్స్ షాపు. అందులో ఒక విండోస్ 10 డెస్క్‌టాపు, దానికి తగిలించిన లేజర్ ప్రింటరు. చలికాలం పొద్దుపోయాక ముందు గదిలో కూర్చోలేకపోతున్నాడని ఈసారి ఒక లాప్‌టాప్ (విండోస్ 11 ప్రో, 24హెచ్2) కొనిచ్చాను. లోపలి గదిలో కూర్చుని, డెస్క్‌టాపులో ఉన్న ఫోల్డరు తెరిచి, అక్కడి ప్రింటరుకే ప్రింట్ కొట్టాలి. ఐదు నిమిషాల పని కదా అనుకున్నాను.

ముందు నెట్‌వర్క్ అని నొక్కితే ఖాళీ. పోనీ అని డెస్క్‌టాప్ పేరు నేనే టైపు చేస్తే, "మీ ఆర్గనైజేషన్ సెక్యూరిటీ పాలసీ గెస్టులని అనుమతించదు" అన్న అర్థం వచ్చే మెసేజ్. నాన్న వెనకనుంచి చూసి, "ఆర్గనైజేషన్ అంటే ఎవుల్రా? నేనూ, మీ అమ్మేనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు :)

నెట్‌లో వెతికితే మందు తేలిగ్గానే దొరుకుతుంది. ఫలానా రిజిస్ట్రీ కీ మార్చు, ఫలానా సైనింగ్ ఆపు, పాత ఎస్ఎంబీ1 ఆన్ చెయ్, ఫైర్‌వాల్ తీసెయ్... ఇదే పద్ధతి. అన్నీ "తీసెయ్" మందులే. నేనూ తీసేయబోయి, అసలు ఇవన్నీ ఎప్పుడు, ఎందుకు పెట్టారు అని ఆగాను. ఆ కథే ఇది.

1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు, ఒక కంప్యూటర్లో ఉన్న ఫైలుని ఇంకో కంప్యూటర్నుంచి సొంత ఫైలులా వాడుకునేలా ఒక ప్రోటోకాల్ రాయడం మొదలుపెట్టాడు. మొదట దానికి తన పేరులోని పొడి అక్షరాలే, బీఏఎఫ్ అని పెట్టుకున్నాడట. తర్వాత అది ఎస్ఎంబీ, అంటే సర్వర్ మెసేజ్ బ్లాక్, అయ్యింది. అది పుట్టింది ఒక ఆఫీసు గది కోసం. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఒకరికొకరు తెలుసు. మా ఊళ్ళో మా నాయనమ్మ కాలంలో పెరటి తలుపుకి గెడ ఉండేది కాదు. పక్కింటివాళ్ళు వచ్చి బొక్కెన పట్టుకెళ్ళి మళ్ళీ పెట్టేవాళ్ళు. సరిగ్గా అలాంటి కాలం అన్నమాట.

అప్పటి పేర్ల పద్ధతి చూడండి. నెట్‌బయోస్‌లో కంప్యూటర్ పేరు 15 అక్షరాలు. పదహారో బైటు ఆ కంప్యూటర్ చేసే పనికి గుర్తు. ఎవరు ఎక్కడున్నారో తెలియాలంటే వీధిలో నిలబడి "ఒరే, ఫలానావాడా!" అని కేకెయ్యడమే (బ్రాడ్‌కాస్ట్). పలికినవాడే ఫలానా. దొంగ పలికితే? ఆ ప్రశ్న అప్పట్లో ఎవరికీ పెద్దగా రాలేదు.

1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌తో ఇది మామూలు ఆఫీసుల్లోకి వచ్చేసింది. దాదాపు అదే సమయంలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, తీగల మీద పోయే ప్యాకెట్లు చూసుకుంటూ యూనిక్స్ కోసం తనే ఒక సర్వర్ రాసుకున్నాడు. పేరు కావాల్సొచ్చి, ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా ఉన్న మాటల కోసం డిక్షనరీ ఫైల్లో గ్రెప్ కొడితే "సాంబా" దొరికింది. మనలో చాలామంది ఇళ్ళల్లో ఉన్న నాస్ డబ్బాల్లో పనిచేసేది ఆ సాంబానే.

"నెట్‌వర్క్ నైబర్‌హుడ్" గుర్తుందా? కంప్యూటర్ ఆపేసినా పేరు కనపడుతూ ఉండేది, ఆన్ చేసినా కనపడేది కాదు. దెయ్యమేమీ కాదు. కంప్యూటర్లన్నీ ఎన్నికలు పెట్టుకుని ఒక మాస్టర్ బ్రౌజర్ని ఎన్నుకునేవి. ఒక్కొక్కటీ 12 నిమిషాలకోసారి "ఉన్నాను" అని చెప్పాలి. మూడుసార్లు చెప్పకపోతే, అంటే 36 నిమిషాలకి, పేరు కొట్టేస్తారు. ఆ జాబితా బ్యాకప్ బ్రౌజర్‌కి చేరడానికి ఇంకో 15 నిమిషాలు. వెరసి 51 నిమిషాలు. చచ్చిపోయినవాడి పేరు ఓటర్ల లిస్టులో ఉండిపోవడం లాంటిదే.

2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ఫైర్‌వాల్‌ని ముందే ఆన్ చేసి ఇచ్చింది. గెడ మొదటిసారి పడింది అప్పుడే. "నిన్నటిదాకా పనిచేసింది కదా" అన్న మాట కూడా అప్పుడే పుట్టి ఉంటుంది.

అసలు దెబ్బ 2017లో. ఎస్ఎంబీ1 వాడకండి మహాప్రభో అని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు నెడ్ పైల్ 2016 సెప్టెంబర్‌లోనే రాశాడు. 2017 మార్చి 14న ప్యాచ్ కూడా వచ్చింది. ఎవరు వేసుకున్నారు? మే 12న వన్నాక్రై బయల్దేరింది. 445 పోర్టు తలుపు తట్టి, ఎస్ఎంబీ1 తీస్తే లోపలికొచ్చి ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బులు కడితేనే తీస్తానంది. సుమారు 150 దేశాలు, రెండు లక్షలకి పైగా కంప్యూటర్లు. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకీ తగిలింది. అప్పుడు వార్తల్లో వచ్చిన జిల్లాల్లో విశాఖపట్నం ఒకటి. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా మా చీడికాడ ఆ జిల్లాలోదే.

అదే ఏడాది అక్టోబర్లో వచ్చిన విండోస్ 10 (1709) నుంచి కొత్తగా వేసుకునేవాటిలో ఎస్ఎంబీ1 ముందుగా ఉండటం మానేసింది. దాంతోపాటు ఆ పాత ఎన్నికలూ, ఓటర్ల లిస్టూ పోయాయి. నెట్‌వర్క్ ఖాళీగా కనపడటానికి చాలాసార్లు కారణం ఇదే. 2021లో ప్రింట్ స్పూలర్లో "ప్రింట్‌నైట్‌మేర్" బయటపడ్డాక, షేర్డ్ ప్రింటర్ డ్రైవర్ వెయ్యాలంటే అడ్మిన్ అయ్యుండాలన్నారు. 2024లో 24హెచ్2 ప్రో వచ్చి సంతకం (సైనింగ్) లేని మాట విననంది. గెస్టుకి పాస్‌వర్డే లేదు కాబట్టి సంతకం పెట్టలేడు. కాబట్టి గెస్టుకి తలుపు లేదు. నాన్న అడిగిన "ఆర్గనైజేషన్" ఇదన్నమాట.

ఇంతకీ మా డెస్క్‌టాపులో పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా రావచ్చని పెట్టిందెవరు? నేనే. 2020 లాక్‌డౌన్‌లో ఇంటినుంచి పనిచేస్తూ, నా లాప్‌టాప్ నుంచి ప్రింట్ కావాలని తొందరలో "ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్" ఇచ్చేసి మర్చిపోయాను. ఆ ఫోల్డర్లో ఏముందో ఈసారి తీసి చూశాను. ఐదేళ్ళుగా స్కాన్ చేసిన ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌పుస్తకాలు, 1బి కాపీలు, ఎవరివో పెళ్ళి ఫోటోలు, ఎవరివో మరణ ధ్రువీకరణ పత్రాలు. మా వైఫై పాస్‌వర్డ్ వీధిలో పిల్లలందరికీ తెలుసు. అంటే ఊళ్ళో సగంమంది కాగితాలు వీధి అరుగు మీద పెట్టినట్టే. ఎవరూ తియ్యలేదు, వాళ్ళ మంచితనం. నా తెలివి మాత్రం కాదు.

సరే, చేసింది చెప్తాను. డెస్క్‌టాపులో నాన్న పేరుతో ఒక అకౌంటు, దానికి పాస్‌వర్డు. ఎవ్రీవన్‌ని తీసేసి ఆ అకౌంటుకే ఫోల్డరు అనుమతి. రెండింట్లోనూ నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్‌ని మాత్రం ఫైర్‌వాల్లో అనుమతించాను. పేరు కనపడటానికి "ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్" సర్వీసు ఆన్. ప్రింటర్ డ్రైవర్ అడ్మిన్‌గా లాప్‌టాపులో ముందే వేశాను. వైఫైలో పిల్లలకి వేరే గెస్ట్ నెట్‌వర్క్. పాత స్కాన్లన్నీ నాన్ననడిగి చెరిపేశాం. మొత్తం గంటన్నర. రిజిస్ట్రీ ముట్టుకోలేదు.

షేరింగ్ పనిచెయ్యకపోతే మనం "పాడైంది" అంటాం. ఎక్కువసార్లు అది పాడవ్వడం కాదు, ఎప్పుడో ఎక్కడో దొంగతనం జరిగాక వేసిన గెడ. పీకేసే ముందు అది ఏ ఏడాది, ఎవరిల్లు దోచుకుంటే వేశారో కనుక్కుంటే మంచిది.

రాత్రి లోపలి గదిలోంచి మొదటి ప్రింట్ కొట్టి, ముందు గదిలో కాగితం కదిలిన చప్పుడు విని నాన్న అన్న మాట: "ఇంతకుముందూ వచ్చేది కదరా, ఇప్పుడు పాస్‌వర్డొకటి ఎక్కువైంది." ఏం చెప్తాం? గెడ విలువ దొంగ రానన్నాళ్ళూ తెలీదు.