గులకరాళ్ల కింద గుడ్లు

పొద్దున్న ఏడు దాటింది, ఇంకా తెల్లవారలేదు. వాన ఆగి గంటైనా చెట్లు మాత్రం కురుస్తూనే ఉన్నాయి. మేపుల్ కొమ్మలకు పట్టిన నాచు నుంచి చుక్కలు నా జాకెట్ టోపీ మీద టపటపా పడుతున్నాయి. ఎదురుగా విల్సన్ నది. ఇంకా కనిపించదు, హోరు మాత్రం వినిపిస్తోంది.

ఇవాళ భోగి. ఊళ్లో ఇప్పుడు రాత్రి. మంట పొద్దున్నే ఆరిపోయి ఉంటుంది, పిల్లలకు భోగిపళ్లు పోయడం కూడా అయిపోయి ఉంటుంది. ఇక్కడ ఆరెగాన్‌లో నేనూ మా బావగారూ హిల్స్‌బరో నుంచి ఆరో నంబరు హైవే మీద కొండ దాటి, టిల్లమూక్ వైపు దిగి, కారు ఆపి, ఫెర్న్ పొదల్లోంచి జారుకుంటూ ఒడ్డుకొచ్చాం. బావగారిది రాజోలు దగ్గర. ఇరవై ఏళ్లుగా శీతాకాలమంతా ఆయనకు ఇక్కడ గేలం వెయ్యడమే పని.

కాస్త వెలుతురు వచ్చింది. నీళ్లు పచ్చగా ఉన్నాయి. లేత జామాకు పచ్చ. మొన్నటి వానకు గోధుమరంగులో ఉరికిన నది తగ్గుతూ తేటపడేటప్పుడు ఒకటి రెండు రోజులు ఈ రంగులో ఉంటుంది. సముద్రానికి పోయి తిరిగొచ్చే స్టీల్‌హెడ్ ట్రౌట్ కోసం వచ్చేవాళ్లు ఈ రంగు కోసమే నీటిమట్టం లెక్కలు గంట గంటకూ చూసుకుంటూ కూర్చుంటారు.

నేను నీళ్లలోకి అడుగు వెయ్యబోయాను.

"ఆగవోయ్! అక్కడ తొక్కకు."

"ఏమైంది బావగారూ?"

ఆయన గేలపు కర్ర చివరతో చూపించారు. మోకాలి లోతు నీళ్ల అడుగున రాళ్లన్నీ పాచి పట్టి నల్లగా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం, నవారు మంచమంత మేర, కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా గులకరాళ్లు. ఎగువన చిన్న గుంట, దాని దిగువన చిన్న దిబ్బ. ఆడ చేప పక్కకు ఒరిగి తోకతో కొట్టి కొట్టి తవ్విన గూడు అది. గుడ్లు ఆ దిబ్బ కింద ఉంటాయి. నీళ్ల చలిని బట్టి రెండు మూడు నెలలు అక్కడే ఉండి పిల్లలవుతాయి. రాళ్ల సందుల్లోంచి పారే నీరే వాటికి ఊపిరి. ఆ దిబ్బ మీద మనిషి బరువు పడితే కింద ఏం మిగులుతుందో ఆలోచించండి.

మేం పక్కనుంచి చుట్టూ తిరిగి, కాళ్లతో తడుముకుంటూ, పాచి రాళ్ల మీదే దిగాం. తొడల దాకా నీళ్లు. వేడర్స్ తొడుగుల వల్ల తడి తగలదుగానీ ఐదారు డిగ్రీల నీరు నాలుగు వైపుల నుంచీ కాళ్లను పిండుతోంది.

బావగారు బొమ్మ ఎరలుండే ఫ్లై పెట్టె తెరిచారు. ఈకల పురుగులేవీ లేవందులో, అన్నీ గుడ్లే. గేలం మీద మెత్తటి దారాల కట్ట పెట్టి, బిగించి ముడేసి, కట్టను పైకి లాగి కత్తెరతో ఒక్క కోత కోస్తే దారాలు విచ్చుకుని గుండ్రంగా ఉబ్బుతాయి. బఠాణీ గింజంత ఉన్ని గుడ్డు. గ్లో బగ్ అంటారు. నేను ముదురు నారింజరంగుది, కళ్లకు కొట్టొచ్చినట్టున్నది తీశాను. ఆయన తల అడ్డంగా ఊపి, వెలిసిపోయిన లేత పీచ్ రంగుది, మధ్యలో పాలచుక్క ఉన్నది, నా చేతిలో పెట్టారు.

"నువ్వు తీసింది బతికున్న గుడ్డు. బతికున్న గుడ్డు రాళ్ల కింద ఉంటుంది. నీళ్లలో కొట్టుకొచ్చేది చచ్చిన గుడ్డే."

ఆ మాట నాకు బాగా నాటుకుంది. శరదృతువులో చినూక్, కోహో సాల్మన్లు సముద్రం నుంచి వచ్చి ఇక్కడ గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. పూడకుండా జారిపోయినవీ, వెనక వచ్చిన చేప తవ్వితే బయటపడ్డవీ, వరదకు లేచిపోయినవీ ప్రవాహంలో పడి తెల్లబారుతూ పోతాయి. ఏటి ట్రౌట్లు తినేది వాటినే. అంతెందుకు, ఇందాకటి నుంచి ఎదురు రాయి మీద మోకాళ్లు వంచుతూ లేస్తున్న బూడిదరంగు డిప్పర్ పిట్ట బుడుంగున మునిగి ఏరుకుంటున్నదీ వాటినే కావచ్చు. ఒడ్డున ఇంకా ఒక చినూక్ దవడ పడి ఉంది. వంకర పళ్లు, చుట్టూ ఆకులు. ఈ చేపల ఒంట్లోని సముద్రపు నత్రజని ఏటి ఒడ్డు చెట్లలోకి చేరుతుందని శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు.

ఈ చెట్లకూ ఒక కథ ఉంది. 1933 ఆగస్టు 14న అంటుకున్న మంట ఈ కొండల్ని కాల్చేసింది. 1939లో, 1945లో, 1951లో మళ్లీ కాలాయి. 1949 నుంచి 1973 దాకా 7.2 కోట్ల మొక్కలు నాటారు, బడిపిల్లలు కూడా వచ్చి నాటారు. కొండ బోడిదైతే వానకు మట్టి ఏట్లోకి దిగుతుంది. మట్టి గులకరాళ్ల సందులు పూడిస్తే గుడ్లకు ఊపిరాడదు. ఆ పిల్లలు పాతిన మొక్కల నీడలోనే ఇప్పుడు మేం నిలబడ్డాం.

బెండుకి ఏడడుగుల కింద గుడ్డు, దానికి పైన చిన్న గుండు. విసిరాను. పైన నీరు జోరుగా పోతుంది, అడుగున నింపాదిగా పోతుంది. చేప ఉండేది అడుగున. కాబట్టి బెండు పక్కనున్న నురగ బుడగల కంటే నెమ్మదిగా సాగాలి. నురగతో సమానంగా పరిగెత్తిందంటే కింద గుడ్డు ఈడ్చుకుపోతున్నట్టే, ఏ చచ్చిన గుడ్డూ అలా పోదు. లైను విల్లులా వంగి లాగబోయే ముందే కర్రతో దాన్ని ఎగువకు ఎత్తి వెయ్యాలి. విసరడం, ఎత్తి వెయ్యడం, చూడటం, అడుగు దిగువకు జరగడం. గంట గడిచింది. రెండు. వేళ్లు మొద్దుబారాయి. మళ్లీ వాన.

"మన పులస కూడా ఇంతే కదా," అన్నారు బావగారు, ఎవరితోనో అన్నట్టు. ఎర్రనీళ్లకు ఎదురెక్కి సముద్రం నుంచి గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వచ్చే చేప. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ దాని దారికి అదే అడ్డు. చిన్నప్పుడు జన (చేపగుడ్లు) ఉన్న ముక్క కోసం అక్కా నేనూ కొట్టుకునేవాళ్లం. ఆ జన ఎక్కడికి వెళ్లాలని బయలుదేరిందో మాకెవరూ చెప్పలేదు.

బెండు ఒక్క క్షణం ఆగింది, అంతే.

"ఎత్తు!"

ఎత్తాను. కర్ర మొదలంటా వంగింది. రీలు కీచుమంటూ తిరిగింది. అవతలి ఒడ్డు దగ్గర నీళ్లు చీలి వెండి పలకలాంటిది గాల్లోకి లేచి పక్కకు పడింది. నేను దిగువకు, రాళ్ల మీద తూలుతూ, దాని వెనక. బావగారు నా నడుం పట్టీ పట్టుకుని నడిపిస్తున్నారు. పది నిమిషాలో, ఇంకా ఎక్కువో. చివరికి లోతు తక్కువ నీళ్లలో నా మోకాళ్ల మధ్యకు వచ్చింది.

నాలుగు కిలోల దాకా ఉంటుంది. వీపు ఉక్కురంగు, చెంప మీద అప్పుడే మొలుస్తున్న గులాబి చార. సముద్రం వదిలి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. బావగారు వంగి తోక ముందరి చిన్న రెక్కను వేలితో తాకారు. అది నిండుగా ఉంది. హ్యాచరీలో పెంచి వదిలిన పిల్లలకు ఆ రెక్క కత్తిరిస్తారు, అలాంటివైతే ఇంటికి తీసుకెళ్లవచ్చు. ఇది ఏట్లో పుట్టింది. రెండేళ్లో ఎంతో ఇక్కడే పెరిగి, సముద్రానికి పోయి, తిరిగి వచ్చింది. ఇక్కడ అలాంటి దాన్ని వదిలిపెట్టాలన్నది చట్టం. సాల్మన్‌లా కాకుండా స్టీల్‌హెడ్ గుడ్లు పెట్టాక బతికి మళ్లీ సముద్రం చేరే అవకాశమూ ఉంది.

కడుపు నిండుగా ఉంది. ఆడది.

చచ్చిన గుడ్డు బొమ్మను చూసి వచ్చిన ఈ చేప కడుపులో కొన్ని వేల గుడ్లున్నాయి. ఏట్లోకి వచ్చాక ఇవి పెద్దగా తినవు. పిల్లగా ఉన్నప్పటి అలవాటే దీని నోరు తెరిపించిందని బావగారి నమ్మకం. నాకూ అదే నిజమనిపిస్తుంది.

"నీళ్లలోంచి పైకెత్తకు. ఫొటో వద్దు."

ముల్లు నొక్కేసిన గేలం ఇట్టే ఊడింది. తోక దగ్గర పట్టుకుని, తల ఎగువకు పెట్టి ఉంచాను. మొప్పలు ఆడుతున్నాయి. ఒక్క విదిలింపు విదిలించి నా చేతుల్లోంచి పచ్చటి నీళ్లలోకి వెళ్లిపోయింది.

పోర్ట్‌లాండ్‌లో, సియాటిల్‌లో ఉన్న మనవాళ్లు వారాంతాల్లో ఈ నదులకు పిల్లల్ని తీసుకొస్తున్నారు. రండి, తప్పకుండా రండి. నీళ్లలో దిగే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగి అడుగుకేసి చూడండి. తెల్లగా, శుభ్రంగా కనిపించే గులకరాళ్ల మీద కాలు పెట్టకండి, పిల్లల్నీ పెట్టనివ్వకండి.